మాల తీసిన మర్నాడు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆయన పేరు నేను పలకను. మర్యాద తెలియక కాదు, అది ఆయన పెట్టిపోయిన షరతు. "నేను పోయినంక సభ పెట్టుకుంటే పెట్టుకోండ్రి. పేరు మాత్రం చెప్పకుండ్రి. పేరు చెప్తే ఇంటిపేరు అడుగుతరు, ఇంటిపేరు చెప్తే ఇగ మనిషిని చూసుడు బంద్ చేస్తరు" అని ఇంట్లోవాళ్లతో అన్నారట. అందుకే నా వెనకున్న ఫ్లెక్సీ మీద కూడా 'సారు స్మారకోపన్యాసం' అని మాత్రమే ఉంది. పేరు రాయడం మరిచిపోయారేమోనని ఫ్లెక్సీ వేసే అబ్బాయి రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు.

సారుది మూడు ఊళ్ల జీవితం. సిరిసిల్లలో మగ్గమున్న ఇంట్లో పుట్టారు, కోరుట్ల బడిలో తెలుగు చెప్పారు, రిటైరయ్యాక జగిత్యాలలో ఉన్నారు. కోరుట్లలో ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి నేను. కులం, మనిషి జన్మ, గురుభక్తి, ఈ మూడింటినీ కలిపి మాట్లాడమన్నారు. పండితులైతే ఉపనిషత్తుతో మొదలుపెడతారు. నేను ఒక బెల్లం ముక్కతో మొదలుపెడతాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక గురుపౌర్ణమికి సారు నన్ను వెంటబెట్టుకొని తన గురువు దగ్గరికి పోయారు. సారుకు గురువున్నాడని విన్నాను గాని, ఆ గురువు ఊరి చివర చెప్పులు కుట్టే ముసలాయన అని అక్కడికి పోయేదాకా తెలియదు. ఆయన అచలబోధ చెప్పేవాడు. మన దిక్కు అచలం గురించి వినని పల్లె ఉండదు. ఎరుక, బయలు, పరిపూర్ణం అనే మాటలు బడి మెట్లెక్కని వాళ్ల నోట కూడా ఆడుతుంటాయి. ఊళ్లో ఎవరైనా పోతే ఆ రాత్రంతా శవం పక్కన కూర్చొని తంబూర, తాళాలతో తత్వాలు పాడేవాళ్లలో చాలామంది ఆ గురువుల శిష్యులే. ఒకే గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లు ఒకరికొకరు గురుపుత్రులు. అంటే అన్నదమ్ములు.

వాకిట్లో వేపచెట్టు కింద ఆరె, గూటం, తడిపిన తోలు ముక్కలు ఒక పక్కకు జరిపి ఉన్నాయి. కోడలు చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చేస్తోంది. బడిలో కన్నెత్తి చూస్తే చాలు మాకు చెమటలు పట్టించే సారు, ఆ ముసలాయన ముందు మట్టినేల మీద సాగిలపడ్డారు. నాకు ఎటు చూడాలో తోచలేదు. కాసేపటికి కోడలు లేచి చేతులు కడుక్కొని సత్తు గిలాసల్లో అంబలి తెచ్చింది. సారు తాగారు. నా గిలాస నా ముందే ఉంది. ఆ గడపలో నీళ్లు ముట్టొద్దని మా ఇంట్లో ఎవరూ నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే నా చేతికి తెలుసు. చెయ్యి లేవలేదు. ముసలాయన చూశాడు. ఏమీ అనకుండా లోపలికి పోయి చిన్న బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి "తిను బిడ్డా" అన్నాడు.

మీలో పెద్దవాళ్లకు ఆ బెల్లం సంగతి ఇప్పటికే అర్థమై ఉంటుంది. వండినదానికి, నీళ్లు కలిసినదానికి అంటు ఉంటుంది. పండుకు, ఎండు సరుకుకు, బెల్లానికి ఉండదు. ఊరు ఎక్కడా రాసుకోకుండా పాటించిన చట్టమది. అందులో నాకు ఎక్కడ సందుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. నా ఇబ్బంది తీర్చడానికి తన అవమానాన్ని తానే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను హమ్మయ్య అనుకొని తిన్నాను. ఆ హమ్మయ్య యాభై ఏళ్లుగా నన్ను వదల్లేదు.

తిరిగి వస్తుంటే సారు కోప్పడలేదు. "ఆయన నీకు ఉపదేశం ఇచ్చిండు. నీకే తెల్వలే" అన్నారు.

వివేకచూడామణి నా చేతికిచ్చింది కూడా సారే, నేను కాలేజీలో ఉన్నప్పుడు. శంకరాచార్యుల పేరు మీద వస్తున్న ఆ గ్రంథం ఆయన రాసిందేనా అన్న వాదం పండితుల్లో ఉంది. దాన్ని వాళ్లకే వదిలేద్దాం. మొదటి శ్లోకం సద్గురువుకు నమస్కారం. రెండోది మనిషి జన్మ ఎంత దుర్లభమో చెబుతుంది. ప్రవచనాల్లో మనం వందసార్లు విన్నదే. కానీ ప్రవచనం చెప్పేవాళ్లు చాలామంది ఆ శ్లోకాన్ని మొదటి మాట దగ్గర ఆపేస్తారు. శ్లోకం ఆగదు. జీవులకు నరజన్మ దొరకడం కష్టం, అందులో మగపుట్టుక ఇంకా కష్టం, అందులో విప్రుడుగా పుట్టడం మరీ కష్టం, ఆ తర్వాత వైదికమార్గం, ఆ తర్వాత విద్వత్తు, ఇట్లా ముక్తి దాకా నిచ్చెన ఎక్కుతూ పోతుంది. సారు ఆ పేజీ తెరిచి "మీ అమ్మ ఏ మెట్టు మీద నిలబడ్డదో చూడు" అన్నారు. చూశాను. మా అమ్మ మొదటి మెట్టు మీదే ఉంది. సారు, సారు గురువు, నేను రెండో మెట్టు మీద. పైకి దారి లేదు.

ఆ వెంటనే మూడో శ్లోకం. అందులో దుర్లభమైనవి మూడే. మనిషిగా పుట్టడం, బంధం తెంచుకోవాలన్న తపన, మహాత్ముని ఆశ్రయం. మగపుట్టుక ఊసు లేదు, విప్రత్వం ఊసు లేదు. ఈ రెండు శ్లోకాలకూ పొత్తు ఎట్లా కుదర్చాలో వ్యాఖ్యాతలు చెబుతారు. సారు పొత్తు కుదర్చలేదు. పెన్సిలుతో రెండింటి మధ్య అడ్డంగా ఒక గీత గీసి, "పైన ఉన్నది మన ఊరు, కింద ఉన్నది మన గురువు" అన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. గీత కొంచెం మాసిపోయింది.

గురువు చేసే పని ఏమిటంటే రెండో పుట్టుక ఇవ్వడం అని మన సంప్రదాయాలు దాదాపు అన్నీ అంటాయి. ఉపనయనమైనవాణ్ణి ద్విజుడనేది అందుకే. ఆ రెండో పుట్టుకను మొదటి పుట్టుకను బట్టి పంచడం ఒక పద్ధతి. వీరశైవులు దాన్ని తిరగేశారు. లింగధారణ అయినవాడు గురువు అరచేతిలో పుట్టినవాడు, అంతకుముందటి పుట్టుక చెల్లదన్నారు. పాలకుర్తి సోమనాథుడు బసవపురాణంలో మాదార చెన్నయ్య ఇంట శివుడు అంబలి ఆరగించిన కథ చెప్పాడు. అంబలే! ఆ కథ మొదటిసారి చదివినప్పుడు సత్తు గిలాస గుర్తొచ్చి పుస్తకం మూసి పక్కన పెట్టాను. వైష్ణవులూ తక్కువ తినలేదు. విగ్రహంలో రాయిని, గురువులో మామూలు మనిషిని, భక్తునిలో కులాన్ని చూడడం మూడూ ఒకే జాతి పాపాలన్నారు. భక్తుని కులం ఆరా తీయడం కన్నతల్లి శీలం ఆరా తీయడం లాంటిదని శ్రీవచనభూషణంలో పిళ్లై లోకాచార్యులు ఎంత కటువుగా చెప్పాలో అంత కటువుగా చెప్పారు.

అంటే సిద్ధాంతానికి మన దగ్గర కరువు లేదు. మరి ఎక్కడ తప్పిపోయింది?

సారు ఆ ముసలాయన దగ్గర ఉపదేశం తీసుకున్న సంగతి సిరిసిల్లలో ఇంటికి తెలిసినప్పుడు వాళ్ల అవ్వ ఏడవలేదు, కొట్టలేదు. ఆయన తలె వేరు చేసింది. తిన్నాక ఆయనే కడిగి వంటింటి బయట బోర్లించాలి. పడుగు, పేక, కండె, నాడె తప్ప వేరే లోకం తెలియని మనిషి ఆమె. ఒకరోజు సారు ఆమె పక్కన కూర్చొని కబీరు కథ చెప్పారు. "కబీరు మన లెక్క నేతపనోడే అవ్వా. కాశీల గంగ ఒడ్డు మెట్ల మీద చీకట్ల పండుకుంటే రామానందుని కాలు తగిలింది. ఆయన నోట్లోంచి వచ్చిన రామనామమే ఉపదేశమైంది. బాపనాయన నేతోన్ని శిష్యునిగా ఒప్పుకున్నడు." అవ్వ ఆసు పోస్తూ తల తిప్పకుండా అందట, "ఆయన పైకి ఎక్కిండు. నువ్వు కిందికి దిగినవు."

ఈ విషయం మీద నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటి మాట దొరకలేదు. మనం మురిసిపోయి చెప్పుకునే గురుశిష్య కథల్లో చాలావాటిలో గురువు పై కులం, శిష్యుడు కింది కులం. గురువు వంగి చెయ్యి అందిస్తాడు. గొప్పతనం గురువుది, కృతజ్ఞత శిష్యునిది, నిచ్చెన మాత్రం ఎక్కడిదక్కడే. పై కులం వాడు కింది కులం గురువు ముందు సాగిలపడి, ఆయన గిలాసతో తాగి, ఇంటికొచ్చి అదే మాట చెప్పినప్పుడే కులానికి నొప్పి తెలుస్తుంది. ఆ కథలు తక్కువ. ఉన్నవాటిని మనం ఏం చేశామో చూడండి. కాశీలో శంకరులను ఆపి ప్రశ్నించిన చండాలుని కథ ఉంది. తప్పుకొమ్మంటే, ఏది తప్పుకోవాలి, దేహమా ఆత్మా అని అడిగాడాయన. జ్ఞానం ఉన్నవాడు చండాలుడైనా, ద్విజుడైనా నాకు గురువే అని శంకరులు ఒప్పుకున్నారు, మనీషాపంచకం పుట్టింది. ఇంతవరకు బాగుంది. కానీ కథ చివర ఆ చండాలుడు శివుడైపోతాడు. ఆయన వెంట ఉన్న కుక్కలు నాలుగు వేదాలైపోతాయి. నిజమైన చండాలుడు శంకరులకు గురువైతే మనకు ముద్ద దిగేది కాదన్నమాట.

రామానుజుల కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. బ్రాహ్మణేతరుడైన తిరుకచ్చి నంబిని ఆయన గురువుగా భావించారు. ఇంటికి భోజనానికి పిలిచి, ఆయన తిన్న శేషం తాను తినాలనుకున్నారు. రామానుజులు బయటికి వెళ్లినప్పుడు నంబి వచ్చి తిని వెళ్లిపోతే, ఆయన భార్య మిగిలిన అన్నం ఎవరికో ఇచ్చేసి, ఇల్లు కడిగి, స్నానం చేసి మళ్లీ పొయ్యి వెలిగించింది. 2022లో ముచ్చింతల్‌లో ఆ రామానుజులనే 216 అడుగుల సమతామూర్తిగా నిలబెట్టుకున్నాం. మంచిదే. నాకు మాత్రం అటు పోయినప్పుడల్లా ఆ కడిగిన నేల, సిరిసిల్లలో బోర్లించిన తలె గుర్తొస్తాయి. తప్పంతా ఆడవాళ్ల మీదికి తోస్తున్నానని అనుకోకండి. వంటిల్లు వాళ్లకు అప్పగించి, దాని చట్టం కూడా వాళ్లచేతే అమలు చేయించి, బయట అరుగు మీద సమత్వం మాట్లాడిన మగవాళ్ల గురించే చెబుతున్నాను.

ఆ మాటకొస్తే పోతులూరి వీరబ్రహ్మంగారి కథ కూడా చెప్పాలి. దూదేకుల సిద్ధయ్యను ప్రధాన శిష్యునిగా చేసుకున్న ధైర్యం ఆయనది. దేహంలో చక్రాలు, వాటిలో దేవతలు ఉంటారని ఆయన సిద్ధయ్యకు చెబుతుంటే బయటినుంచి విన్న కక్కయ్య, అవి నిజంగా ఉన్నాయేమో చూద్దామని ఇంటికి పోయి భార్య దేహం కోసి చూశాడంటారు. ఏమీ కనబడక స్వామి మీదికి పోతే ఆయన ఆమెను బతికించి కక్కయ్యను శిష్యునిగా చేర్చుకున్నారు. బ్రహ్మంగారి నాటకంలో ఈ ఘట్టం రాగానే మా ఊళ్లో ఈలలు మోగేవి. మాదిగ కక్కయ్యకు జ్ఞానం దక్కిందని సంతోషిస్తాం. కోయబడిన మనిషి గురించి మాత్రం ఎవరం అడగం. రెండో శ్లోకంలో మా అమ్మ మొదటి మెట్టు మీద ఆగిపోయిందన్నానే, ఇదీ ఆ మెట్టే. ఇంకో మాట. సిద్ధయ్యకు జ్ఞానం ఇచ్చారు, మఠాధిపత్యం మాత్రం బ్రహ్మంగారి వంశంలోనే నడిచింది.

పాతకాలంలో మన నేల మీద కూడా ఆ రెండు శ్లోకాల పేచీ నడిచింది. వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో రెండో అరికేసరి దగ్గరున్న పంపకవి, మనుషుల జాతి ఒక్కటేనన్న మాటను 941లో పూర్తయిన తన కన్నడ ఆదిపురాణంలో రాశాడు. ఇవాళ్టి రాజన్న సిరిసిల్ల జిల్లాలో వెయ్యేళ్ల కిందట వినిపించిన మాట అది. అతని తండ్రి బ్రాహ్మణ్యం వదిలి జైనం తీసుకున్నాడు. అదే పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించాడు. తెలుగు కందపద్యాలున్నాయని మనం గర్వపడే శాసనం. అందులో తమది వెంగినాడు వంగిపర్రు అని, కమ్మె బ్రాహ్మణులమని, శ్రీవత్స గోత్రమని వివరంగా చెప్పుకున్నాడు. అన్న కావ్యంలో మనుషులంతా ఒకటే జాతి. తమ్ముడి బండమీద గోత్రం, ప్రవర. మతం మారి కూడా. ఒకే ఇంట్లో రెండు శ్లోకాలు.

అయితే పైనుంచి ఎవరో చెయ్యి అందిస్తారని దళితులు ఎదురుచూస్తూ కూర్చోలేదు. తమ గురువులను తామే తయారు చేసుకున్నారు. నల్లగొండ దిక్కు చింతపల్లి దున్న ఇద్దాసు ఆ కోవలోవారు. 1888లో హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్యకు భాగ్యరెడ్డి అని పేరు మార్చింది వాళ్ల ఇంటి శైవ గురువేనని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఒకప్పుడు ఈ నేలను ఏలినవాళ్లు మీరేనన్నది ఆ గురువు వాదన. ఆ పిల్లవాడే పెద్దవాడై 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి, ఆది హిందూ ఉద్యమం నడిపాడు. ఇక్కడ గురువు చేసిన పని ఒక్క పేరు ఇవ్వడమే. అది చిన్న పనేమీ కాదు.

గురువే అన్నీ చేశాడని కూడా నేను అనను. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొర ఎదురుపడితే చెప్పులు చేతపట్టుకొని నడిచే అలవాటు ఈ పల్లెల్లో పోయింది సంఘాల వల్ల, కూలిపోరాటాల వల్ల. తత్వాల వల్ల కాదు. ఈ మాట సారుతో అంటే ఆయన వాదించలేదు. "ఒప్పుకోవాలె. మా గురువు కుట్టిన చెప్పులు మా గురువే తొడుక్కొని దొర గడి ముందట నడిచింది ఆ ఏడే" అన్నారు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. కొండగట్టు హనుమంతుని గుడి ఇక్కడికి దగ్గరే. చిన్న హనుమాన్ జయంతికి, పెద్ద హనుమాన్ జయంతికి కాషాయం కట్టుకున్న దీక్షాపరులు ఎండలో వేలకు వేలు నడిచి వస్తారు. 41 రోజులు, 21 రోజులు, 11 రోజులు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు. మాల వేసేది గురుస్వామి. మాల మెడలో ఉన్నంతకాలం ప్రతి మనిషీ స్వామే. కులం అడగరు, పేరూ అడగరు. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏ సంస్కర్త ఊహించగలడు?

మా తమ్ముని కొడుకు ఒక ఏడు దీక్ష తీసుకున్నాడు. అతని గురుస్వామి వృత్తిరీత్యా క్షవరం చేసే మనిషి. భిక్షకు మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ ఆయన కాళ్లు కడిగి, నడింట్లో పీట వేసి, విస్తరి వేసి, తానే వడ్డించి మొక్కింది. చూస్తూ నేను కొంచెం పొంగిపోయాను కూడా. దీక్ష అయిపోయింది, కొండ మీద మాల తీశారు. నెల తిరక్కుండానే గురుస్వామి తన బిడ్డ పెళ్లికి పిలవడానికి మళ్లీ మా ఇంటికి వచ్చారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. చాయ్ పేపర్ గ్లాసులో వచ్చింది. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు, నవ్వుతూనే మాట్లాడారు. తప్పని చూపించడానికి ఏమీ లేదు. ఈ యూజ్ అండ్ త్రో గ్లాసు వచ్చాక కులానికి ఎంత సుఖమైందో చెప్పలేను. వేరే గిలాస దాచిపెట్టే పని లేదు, కడిగే పని లేదు. అడిగితే శుభ్రత అంటారు. ఆయన తాగి, గ్లాసు నలిపి, పారేయడానికి చోటు కోసం అటూ ఇటూ చూసి, చివరికి జేబులో పెట్టుకొని పోయారు. నేను అక్కడే ఉన్నాను. తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి కాను, అరవై దాటినవాణ్ణి. అప్పుడూ నా నోరు లేవలేదు.

సాయంత్రం సారు దగ్గరికి పోయి ఇది చెప్పుకున్నాను. ఓదారుస్తారనుకున్నాను. "మాల మెడలోంచి తీస్తరు సరే, స్వామి అన్న మాట నాలుక మీదికెల్లి ఎవలు తీసిండ్రు?" అని అడిగి ఊరుకున్నారు. గురువు మాటకు ఎదురు చెప్పొద్దంటారు. సారు మాత్రం ఎదురు చెప్పమనేవారు. గురువును మనిషిగా చూడొద్దన్న మాట పట్టుకొని ఎంతమంది స్వాములు ఎన్ని తప్పుల నుంచి తప్పించుకున్నారో ఆయనకు తెలుసు. తన గురువు అంబలికి బదులు నాకు బెల్లం ఇవ్వడం కూడా ఆయనకు పూర్తిగా నచ్చలేదని చివరి రోజుల్లో అన్నారు. "గిలాస నీ ముందటనే ఉంచి ఊకుండాల్సింది. నువ్వు తాగినా తాగకున్నా" అన్నారు.

నేను తర్వాతి నెలలో ఆ గురుస్వామి బిడ్డ పెళ్లికి పోయాను. మా ఇంటి నుంచి పోయింది నేనొక్కణ్ణే. పంక్తిలో కూర్చొని తిన్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అరవై దాటాక ఒక పూట భోజనం చేయడం గొప్ప ఎట్లా అవుతుంది?

ఇవాళ ఈ సభ అయ్యాక భోజనాలు వెనక షెడ్డులో ఏర్పాటు చేశారు. వంట చేసింది సారు గురువుగారి మనుమరాలు, ఆమెతోపాటు మరో నలుగురు. అంబలి కూడా ఉంది. పేపర్ గ్లాసులు తేలేదు, సత్తు గిలాసలు జమ చేశాం, తాగినవాళ్లు ఎవరి గిలాస వాళ్లు కడిగి పక్కవాళ్లకు ఇవ్వాలి. కూర్చున్నాక పక్కనున్నవాళ్ల పేరు అడగండి. ఇంటిపేరు అడగకండి.